చప్పిడమ్మ బుగ్గ

దగ్గరికి రండి పిల్లలూ, నీడ చూసుకుని కూర్చోండి. వెనకవాళ్లకు అమ్మవారి ముఖం కనబడుతోందా?

ఇది కొటార్లపేట ఉప్పుమడుల గట్టున వెలసిన చప్పిడమ్మ గుడి. అమ్మవారి ఎడమ బుగ్గ ఉబ్బి ఉంటుంది. పంటినొప్పేమో అని మీరు నవ్వుతారు, చెక్కినవాడి పొరపాటని పెద్దలు అంటారు. అననివ్వండి. ఆ బుగ్గలో ఉన్నది అన్నం ముద్ద.

పూర్వం ఇక్కడ ఈ తల్లిని ఉప్పాలమ్మ అనేవారు. ఊళ్లో పండిన ఉప్పులో మొదటి దోసెడు ఆమె నైవేద్యానికే. ఆ నైవేద్యం వండే పైడమ్మకు చిలకమ్మ అని ఒక కోడలు. చిలకమ్మకు ఒళ్లంతా నీరు పట్టింది. నలభై రోజులు ఉప్పు తగలకూడదని, తగిలితే మనిషి దక్కదని వైద్యుడు చెప్పాడు. చప్పిడి కూడు మింగలేక ఆమె మూడో రోజుకు తినడమే మానేసింది.

"ఉప్పు లేకపోతే గొంతు దిగదా? ఏ జమీందారు బిడ్డవే?" అని పైడమ్మ దెప్పేది.

ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర కునుకు తీస్తున్న పైడమ్మకు అమ్మవారు కలలో కనిపించి ఒక్కటే అడిగింది. "నువ్వు తిన్నావా అది?"

పైడమ్మ లేచి కోడలి కంచంలోంచి ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. అది నోట్లో అటూ ఇటూ తిరిగిందే గాని గొంతు దిగలేదు.

మర్నాడు జాతర. పైడమ్మ ఉప్పు వెయ్యని అన్నం అమ్మవారి ముందు పెట్టి, పక్కనే కోడలిని కూర్చోబెట్టింది.

"ఉప్పు పండించే ఊళ్లో తల్లికి చప్పిడి కూడు పెడతావా?" అని ఊరిపెద్ద సింహాద్రి గద్దించాడు. "తీసెయ్. లేదంటే ఈ గుళ్లో నీ వంట ఇవాళ్టితో సరి."

"తియ్యను బావా. నా కోడలు తినేదే ఈ తల్లీ తింటుంది, నేనూ తింటాను. ఇంకొకరి చేత వండించుకుంటావా, వండించుకో. ముందు నువ్వొక ముద్ద తిని చూడు."

ప్రసాదం కాదనలేక ఆయన నోట్లో వేసుకున్నాడు. మింగుడు పడలేదు. అమ్మవారి ఎదుట ఉమ్మనూ లేడు. బుగ్గ ఉబ్బి, కళ్ల నీళ్లతో నిలబడిపోయాడు. ఆ ముఖం చూసి చిలకమ్మ ఫక్కున నవ్వింది.

"మింగు మామా, నేనూ మింగుతాను," అని తన ముద్ద అందుకుంది. ఇద్దరూ ఒక్కసారే మింగారు. తలెత్తి చూస్తే అమ్మవారి బుగ్గ ఉబ్బి ఉంది. నలభయ్యో రోజున చిలకమ్మ తన కాళ్ల మీద ఈ గట్టు ఎక్కింది.

నేటికీ ఇక్కడ ప్రసాదం ఉప్పులేని ముద్దే. ముఖం చిట్లించకుండా మింగాలి. ఇంట్లో ఎవరికి పథ్యం పెట్టినా మిగతావాళ్లు మొదటి ముద్ద చప్పిడిగా తింటారు. అలా తిన్న ఇంట రోగం నెమ్మదిస్తుందని నమ్మకం. ఊరగాయ నంజుకుంటూ రోగికి ఓర్పు బోధించేవారికి మాత్రం ఈ గుమ్మంలో దీవెన లేదు, వారెంతటివారైనా సరే.

ఇక ఇళ్లకు వెళ్లి అన్నాలు తినండి. గౌరీ, మీ తాతయ్యకు పథ్యమన్నావు కదా, ఆయన పక్కనే కూర్చో.