మాల తీసిన సాయంత్రం

సింహాద్రాచారి గురుస్వామికి ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. వడ్రంగం ఆయన వృత్తి. మాట చెవిన పడగానే చిత్రిక పడుతున్న చెక్క మీంచి తలెత్తి, అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడేవారు. విననట్టే ఉండేది. కాని ఆ మాట ఆయనలో ఎక్కడో నానుతూనే ఉండేది. ఆ పూటకో, ఆరునెలలకో, ఏదో ఒక పని రూపంలో జవాబు బయటికి వచ్చేది. రేకవానిపాలెంలో అయ్యప్ప మాల వేసుకునే వాళ్ళందరికీ ఆయనే గురువు. ఆయన చేత్తో మెడలో పడితేనే అది మాల అని ఊరి నమ్మకం. అటువంటి గురుస్వామిని తాపీ మేస్త్రీ నూకరాజు ఒకనాటి పొద్దున పదిమందిలో ఒక ప్రశ్న అడిగాడు.

"మాల తీసేశాక సాయంత్రాలు ఎక్కడికెళ్ళాలండీ?"

అందరూ అయ్యప్ప కొండకెళ్ళి ఆ తెల్లవారుజామునే ఊరికి తిరిగొచ్చారు. రామాలయం పక్కన పందిట్లో వరసగా కూర్చున్న స్వాములకి గురుస్వామి ఒక్కొక్కరికీ మాల తీస్తున్నారు. తన వంతు వచ్చేసరికి నూకరాజు రెండు చేతులూ మాల మీద అడ్డం పెట్టుకుని, "నాది ఉంచెయ్యండి గురుస్వామీ. ఇంకొన్నాళ్ళు ఉంచెయ్యండి" అన్నాడు. అలా కుదరదని పక్కనున్నవాళ్ళు చెప్పారు. అప్పుడు వచ్చింది అతని నోట ఆ ప్రశ్న. పందిరంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు కోదండపాణి. ఎరువుల కొట్టు అతనిది. ఊరి మద్యనిషేధ కమిటీకి పెద్ద కూడా అతనే.

"ఏరా నూకరాజూ, నీకు దారి ఒకరు చూపించాలేటి? సాయంత్రమైతే నీ కాళ్ళే నిన్ను వంతెన దాటించేస్తాయి కదరా!" అన్నాడు.

కోదండపాణి మెడలోంచి మాల తీసి అయిదు నిమిషాలు కూడా కాలేదు. నిన్న రైల్లో ఇదే నోరు, "నూకరాజు స్వామీ, చలేస్తోందా? ఇదిగో, నా దుప్పటి కప్పుకోండి" అంది. పందిరి నవ్వు నూకరాజుకి అలవాటే. చెవిలో గుచ్చుకున్నది ఆ 'ఏరా'.

గురుస్వామి నవ్వలేదు. నవ్వినవాళ్ళని మందలించనూ లేదు. నూకరాజు చేతులు మెల్లిగా తప్పించి, మాల తీసి స్వామి పటం ముందు పెట్టి, కొబ్బరికాయ చేతికిచ్చి కొట్టమన్నారు. "ఇంటికెళ్ళు నాయనా. స్నానం చేసి, గడ్డం గీయించుకో" అన్నారు. వరసలో తర్వాతి స్వామి దగ్గరికి జరిగారు.

నూకరాజు చిన్నతనంలో తాగుడు ఇప్పటిలా ఉండేది కాదు. తండ్రి వెంట తాటితోపులోకి వెళ్తే, మధ్యాహ్నపు నీడలో పదిమంది గుండ్రంగా కూర్చుని, అమ్మవారి పేర మొదటి ధార నేల మీద వదిలి, తాటాకు దొప్పల్లో కల్లు పోసుకుని, పంటల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. తర్వాత సారా పేకెట్లు వచ్చాయి. వాటిని ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తరిమారు. ప్రభుత్వం పూర్తిగా నిషేధం అంది, కొన్నాళ్ళకి కాదంది. కొన్నేళ్ళు వేలం పాడుకున్నవాళ్ళ కొట్లు, కొన్నేళ్ళు ప్రభుత్వం కొట్లు, మళ్ళీ ఇంకెవరివో కొట్లు. చట్టం మారినప్పుడల్లా సీసా మీద కాగితం మారింది, తాగే చోటు మారింది. చివరికి ఊరే తన చట్టం తాను రాసుకుంది. రామాలయంలో దీపం వెలిగించి కోదండపాణి అందరిచేతా ప్రమాణం చేయించాడు. ఊళ్ళో చుక్క అమ్మకూడదు. తాగినవాడు గుడి మెట్లెక్కకూడదు. తాగేవాణ్ణి ఎవరూ అరుగు మీద కూర్చోబెట్టుకోకూడదు.

దానివల్ల మంచి జరగలేదని అనలేం. వీధిలో కేకలు తగ్గాయి. సాయంత్రమయ్యేసరికి తలుపుచాటున వణుకుతూ నిలబడే ఆడవాళ్ళు తగ్గారు. అయితే మానలేని వాళ్ళు తలుపులేసుకుని తాగడం నేర్చుకున్నారు. కలిగినవాళ్ళకి మేడగదులున్నాయి, పెరళ్ళున్నాయి. ఒంటిగది ఇంట్లో ఉండే నూకరాజు మాత్రం ఏటి వంతెన దాటి అవతలి ఊరి వైన్ షాపుకి పోయి, అందరూ చూస్తుండగా తూలుతూ తిరిగొచ్చేవాడు. అందుచేత ఊరి తాగుడంతా అతనొక్కడి పేరునే ఉండిపోయింది.

భార్య లోవలక్ష్మి ఏళ్ళ తరబడి తిట్టింది, ఏడ్చింది. ఈ యేడు ఆ రెండూ మానేసింది. "మళ్ళీ ముట్టుకుంటే నేనేమీ అననయ్యా. మా అమ్మ దగ్గరికెళ్ళిపోతాను. తిరిగి రాను" అని, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. తిట్టినన్నాళ్ళూ లేని భయం ఆ మాటతో పట్టుకుంది నూకరాజుకి. వెళ్ళి మాల వేయించుకున్నాడు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ ముట్టలేదు. ఆశ్చర్యమేమిటంటే, అతనికది కష్టమే కాలేదు. చీకటితో లేచి చన్నీళ్ళ స్నానం, పగలు పని, పొద్దు వాలితే పందిట్లో భజన, అందరితోపాటు ఆకులో భిక్ష, చాపల మీద వరసగా పడక. వీధిలో నడుస్తుంటే ముసలివాళ్ళు కూడా చేతులు జోడించేవారు. టీ కొట్టు దగ్గర బల్ల తుడిచి "కూర్చోండి స్వామీ" అనేవారు. ఒంటరిగా గడపాల్సిన సాయంత్రం అతనికి ఒక్కటీ ఎదురుపడలేదు.

ఇప్పుడు గడ్డం గీయించుకుని మంగలి అద్దంలో చూసుకుంటే పాత నూకరాజే కనిపించాడు. ఊరు కూడా అతన్ని వెంటనే గుర్తుపట్టేసింది. మూడింటికి టీ కొట్టుకి వెళ్ళాడు. బల్ల మీద నలుగురు విశాలంగా కూర్చున్నారు. వద్దన్నవాళ్ళు లేరు, జరిగినవాళ్ళూ లేరు. నిలబడే తాగి గ్లాసు కడిగి పెట్టాడు. రామాలయం అరుగు దగ్గరికి వెళ్ళాడు. కొండకి తనతో కలిసి నడిచినవాళ్ళు ఇద్దరు అక్కడ కబుర్లాడుకుంటున్నారు. అతను దగ్గరికి రాగానే కబుర్లు ఆగిపోయాయి. "ఏం మేస్త్రీ, ఇంకా బయల్దేరలేదా?" అని ఒకాయన వేళాకోళం చేశాడు. చెడ్డవాడు కాడు, నవ్వించాలనే అన్నాడు. పక్కన పందిరి విప్పేస్తున్నారు. వాసం ఒకటి అందుకోబోతే, "అయిపోయింది మేస్త్రీ, నువ్వెందుకూ!" అన్నారు. పందిరి లేచిపోయిన చోట కొబ్బరి పీచూ, అగరుబత్తి పుల్లలూ మిగిలాయి.

ఇంటికి వచ్చాడు. లోవలక్ష్మి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను ఎదురుగా గోడకి చేరబడ్డాడు. ఆమె ఏదైనా అంటే బావుండునని అతనికుంది. అతను ఏదైనా చెబితే బావుండునని ఆమెకుంది. పొద్దు వాలింది. కొండకి బయల్దేరేదాకా రోజూ ఈ వేళకి పందిట్లో దీపాలు వెలిగించేవారు.

"అలా తిరిగొస్తాను" అన్నాడు లేచి.

"ఎక్కడికి?"

"ఊరికే."

ఆమె తలెత్తలేదు. ఏరిన బియ్యాన్నే మళ్ళీ మొదటినుంచీ ఏరడం మొదలుపెట్టింది.

వంతెన మీద గాలి చల్లగా ఉంది. వెనక్కి తిరుగుదామని సగం దారిలో ఆగాడు. తిరిగితే ఎక్కడికి అన్నది తోచలేదు. కాళ్ళే నడిపించాయి; కోదండపాణి మాట నిజమే అయింది. అవతల రేకుల పాక ముందు పొడుగాటి బల్ల, దాని మీద కిక్కిరిసి జనం. అతన్ని దూరం నుంచే చూసి పాత నేస్తం ఎరకయ్య రంకె వేశాడు.

"ఒరేయ్, మేస్త్రీ వచ్చాడ్రోయ్! ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి! జరగండెహె, మావాడికి చోటివ్వండి!"

బల్లంతా ఒక్కసారిగా జరిగింది. మధ్యలో ఒక మనిషికి సరిపడా జాగా ఏర్పడింది. ఆ జాగా వైపు నూకరాజు గబగబా నడిచాడు. కూర్చోబోతూ, పక్కనున్న ముసలాయన్ని చూసి గతుక్కుమన్నాడు. నల్లబట్టలూ గడ్డమూ లేకపోవడంతో ముందు ఆనవాలు పట్టలేదు. తెల్ల పంచె కట్టుకుని, చేతిలో సోడా పట్టుకుని, ఆ తాగుబోతుల మధ్య సింహాద్రాచారి గురుస్వామి కూర్చుని ఉన్నారు.

"మీరిక్కడేటండీ? ఎవరన్నా చూస్తే!"

"చూశారు. చూసి మొహం తిప్పుకుని వెళ్ళారు. కూర్చోండి స్వామీ" అన్నారాయన.

ఎరకయ్య పకపకా నవ్వాడు. "మాల ఊడిపోయింది కదండీ గురువుగారూ, ఇంకా స్వామేటండీ ఈడు! ఈడు స్వామైతే నేనేటి మరి?"

"మీరూ స్వామే. ఏ ఊరు స్వామీ మీది?" అన్నారు గురుస్వామి, వేళాకోళమేమీ లేకుండా.

ఎరకయ్య నవ్వు ఆగిపోయింది. లుంగీ కిందికి లాక్కుని, చేతిలో గ్లాసు కాలి వెనక దాచుకున్నాడు. కాసేపటికి తేరుకుని ఇంకో గ్లాసు నింపి నూకరాజు చేతిలో పెట్టాడు. నూకరాజు గురుస్వామి వైపు చూశాడు. ఆపుతారేమోనని చూశాడు, ఆపితే బావుండునని కూడా చూశాడు. ఆయన ఆపలేదు.

"భజనలో నువ్వు తాళం వేస్తే పాట పరుగెత్తేది కాదు నాయనా. ఎవరు నేర్పారు నీకు?" అని అడిగారు.

ఇంతవరకు ఆ సంగతి నూకరాజుని ఎవరూ అడగలేదు. "మా నాయనండీ. తాటితోపులో జట్టుగా పాడేవోరండీ. నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని నా చేతులు పట్టుకుని ఏయించేవోడు."

"ఏదీ, ఎలాగ?"

చూపించాలంటే రెండు చేతులూ కావాలి. నూకరాజు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ముందు మోకాలి మీద, తర్వాత బల్ల మీద నెమ్మదిగా వేశాడు. ఆగి, తండ్రి పాట ఎలా మొదలయ్యేదో చెప్పాడు; మరచిపోయిన చోట ఎరకయ్య అందించాడు, వాళ్ళ తాత కూడా ఆ జట్టులోవాడేనట. ఒకరి తర్వాత ఒకరు వంత పాడారు. ఆ సందట్లో పెట్టిన గ్లాసుని ఎరకయ్య తనదే అనుకుని ఎప్పుడో తాగేశాడు. నూకరాజు దాని కోసం చూడలేదు.

"లేద్దామా స్వామీ? ఒక్కణ్ణే వంతెన దాటాలంటే నాకు కాళ్ళు సాగవు. ఇంటిదగ్గర లోవలక్ష్మి కూడా చూస్తుంటుంది" అన్నారు గురుస్వామి.

ఇద్దరూ లేచేసరికి మోటారుసైకిలు వచ్చి ఎదురుగా ఆగింది. కబురు అందుకుని వచ్చినవాడు కోదండపాణి. అతను దిగి, బల్ల వైపు చూడటానికి కూడా ఇష్టంలేనట్టు మొహం పెట్టాడు.

"ఎవరో చెబితే నమ్మలేదండీ గురుస్వామీ. ఈడి కోసం మీరు ఇలాంటి చోట కూర్చుంటారా? పొద్దున్నే మాల తీసిన చేతులండీ అవి! వచ్చే యేడు మీ చేత మాల ఎవరు వేయించుకుంటారండీ?"

"ఎవరూ వేయించుకోకపోవచ్చు" అన్నారాయన.

కోదండపాణి నూకరాజు మీదికి తిరిగాడు. "ఊదరా."

నూకరాజు ఊదాడు. కోదండపాణి మళ్ళీ ఊదించాడు. ఏ వాసనా లేదు. తిట్టడానికి సిద్ధం చేసుకొచ్చిన మాటలకి పని లేకుండా పోయింది.

"మరి తాగనివాడివి, నీకిక్కడేం పనిరా?" అన్నాడు చివరికి. ఆ అడగడంలో కోపం తగ్గింది. నిజంగా తెలియకే అడిగాడు.

గురుస్వామి సోడా సీసా కొట్టువాడికి తిరిగి ఇచ్చేసి, పైపంచె భుజాన వేసుకుని, నూకరాజు చెయ్యి ఆసరాగా పట్టుకున్నారు.

"పొద్దున్న ఇతనొక మాట అడిగితే అందరూ నవ్వారు కోదండపాణీ. నాకూ జవాబు తెలీక, మధ్యాహ్నం నుంచీ మన ఊళ్ళో ప్రతి బల్లా, ప్రతి అరుగూ చూసుకుంటూ వచ్చాను. ఇతనికి కాస్త జరిగి చోటిచ్చినవాళ్ళు ఇక్కడే కనిపించారు."