గన్నేరు పాట మూడో చరణం

"గన్నేరు అనగానే మీకేం గుర్తొస్తుంది? చెయ్యెత్తి చెప్పండి."

రత్నమాణిక్యం టీచరుగారు రిటైరై పద్నాలుగేళ్లయినా, ఆవిడ ప్రశ్న వేస్తే మనవరాళ్లు చెయ్యెత్తాల్సిందే. ఒలుస్తున్న చింతపండు బుట్టని పక్కకి జరిపారంటే పాఠం మొదలైనట్టే. ఆవేళ ప్రశ్నకి కారణం పెద్ద మనవరాలు మేఘన. అమ్మమ్మ దగ్గరే పాట నేర్చుకున్న పిల్ల. కాలేజీలో స్నేహితులతో కలిసి పాటల బృందం కట్టింది. దానికి 'గన్నేరు' అని పేరు పెడతానంటోంది.

"పూలు," అంది చిన్నది హాసిని.

"విషం," అంది మేఘన నవ్వుతూ. "అందుకే పెడుతున్నా. పోస్టరు మీద అదిరిపోతుంది. అయినా అమ్మమ్మా, మొక్కలో విషం ఉంటే పేరులో కూడా ఉంటుందా?"

టీచరుగారు జవాబుగా కొండ కింది పల్లెలో తాను పనిచేసిన బడి సంగతి ఎత్తుకున్నారు.

ఒక ఏడు బడి వార్షికోత్సవానికి ఆవిడే పాట కట్టారు. "గన్నేరూ గన్నేరూ, మా ఊరి పెళ్లికూతురూ" అని పల్లవి, రెండు చరణాలు. ఐదో తరగతి పైడమ్మ దాన్ని ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్లు గోడ దగ్గర ఆగిపోయేవారు. పాటకి తగ్గట్టు వేదిక నిండా గన్నేరు కొమ్మలు కట్టించారు. ఆకు నుంచి వేరు దాకా అది విషమని ఆవిడకి తెలియక కాదు. ఏడో తరగతికి ఆ పాఠం చెప్పేది ఆవిడే. పైడమ్మది ఐదో తరగతి.

ఆ ఊళ్లో వేడుక అయిపోగానే తోరణాల ఆకులు మేకలకి వేస్తారు. ఏదీ పారేయరు. మర్నాడు పైడమ్మ ఆ వాడిన కొమ్మల్ని మోపు కట్టి, "టీచరమ్మా, మా మేకకి పట్టుకెల్తన్నాను," అని గుమ్మంలోంచి కేకేసింది. టీచరుగారు మిగిలిన బహుమతులు సర్దుకుంటూ, తలెత్తకుండానే "అలాగే వెళ్లమ్మా" అన్నారు.

పచ్చిగా ఉన్నప్పుడు గన్నేరుకి మేక మూతి పెట్టదు. వాడిన ఆకు వేరే మేతలో కలిస్తే తినేస్తుంది. పైడమ్మది చూడి మేక. మధ్యాహ్నానికి కాళ్లు తన్నుకుని చచ్చిపోయింది.

పరుగున వెళ్లిన టీచరుగారిని ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. తల్లి మంచినీళ్లు కూడా ఇచ్చింది. పైడమ్మ మాత్రం అడిగింది:

"టీచరమ్మా, నీ పాటలో మంచి పువ్వనే ఉంది గదా?"

ఆ తర్వాత ఆ పిల్ల పొద్దుటి ప్రార్థనలో కూడా పెదవి కదపలేదు.

"సారీ చెప్పలేదా అమ్మమ్మా?" అంది హాసిని.

"చెప్పానమ్మా. వేరే మేకని కూడా కొనిచ్చాను. మేకని తీసుకున్నారు. పిల్ల పాడలేదు. ఆ వారమే మూడో చరణం రాశాను, ఆకు మేకకి పెట్టొద్దని, పువ్వు తెంపితే చెయ్యి కడుక్కోమని. అప్పటికే పాట ఊరు దాటిపోయింది. మొన్న మన వీధిలో పెళ్లి ఊరేగింపుకి డీజే పెట్టెల్లో మోగిందే, నువ్వు గంతులేశావే, అదే."

"అది నీ పాటా! అమ్మో, నువ్వు ఫేమస్సు!" హాసిని చప్పట్లు కొట్టింది. అంతలోనే ఆగి, "మరి అందులో మేక రాలేదే?" అంది.

"స్టెప్పుకి కుదరలేదేమో తల్లీ."

మేఘన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "అయితే పేరు మార్చేయమంటావా?"

టీచరుగారు మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచారు.

"పేరుకేం, బాగానే ఉంది. ఉంచుకోండి. చెప్పాల్సిన మాట మాత్రం మూడో చరణం దాకా ఆపకండి," అన్నారు. పిక్కలు తీయాల్సింది ఇంకా సగం బుట్ట ఉంది. ఎండ పోతోందంటూ దాన్ని చంకన పెట్టుకుని వాకిట్లోకి నడిచారు.