చెక్క రెండో కొస

అనగనగా ఒక ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంక నడుమ ఒక బడి. బడి వెనక ఒక చెడుగుడు బరి. బరి పక్కన ఒక చెక్క. ఈ కథ ఆ చెక్కది, ఆ చెక్క మీద కూర్చున్న మనిషిది.

ఎప్పటి మాటో నాకు సరిగ్గా తెలీదు. తెలీనిది తెలిసినట్టు చెప్పకూడదు. హైస్కూలు అనే మాట లంకలకి కొత్తగా వచ్చిన రోజులని మాత్రం అంటారు. లంక పేరు గువ్వలంక. ఆ బడిలో డ్రిల్లు మాస్టారు పేరు తాతబ్బాయి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. పైగా ఉబ్బసం. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఛాతీ పిల్లనగ్రోవిలా కూసేది.

చెడుగుడంటే ఊపిరి ఆట కదా. కూతకి వెళ్ళినవాడు "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి జట్టులోకి పోవాలి. ఒక్క ఊపిరి మీదే ఎవరినైనా తాకి, నడిమి గీతకి తిరిగి రావాలి. ఊపిరి తెగితే అవుటు. మధ్యలో పట్టి గీత అందకుండా ఆపేస్తే అవుటు. పట్టినా గీత అందుకుంటే మాత్రం పట్టినవాళ్ళందరూ అవుటు. అలాంటి ఆట నేర్పడానికి ఊపిరి లేని మాస్టారు! లంకంతా నవ్వింది.

"ఈత రానోడికి తెడ్డిచ్చినట్టుందండీ," అన్నారు రేవులో.

మాస్టారూ నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక పని మొదలుపెట్టారు.

ఏటేటా గోదారి పొంగేది. పొంగినప్పుడల్లా బరిని ఎత్తుకుపోయేది. నీళ్ళు తీసి ఏరు తగ్గాక ఒండ్రు మిగిలేది. అందులో ముళ్ళు, రాళ్ళు, కుండపెంకులు. మాస్టారు ఏటేటా బరిని మళ్ళీ కొత్తగా చేయించేవారు. ప్రతి పిల్లాడూ ఒక గంపెడు మెత్తటి మట్టి జల్లించి తేవాలి. గంప తెచ్చినవాడు జట్టులో ఉన్నట్టే. బక్కవాడా, బొద్దువాడా, పిరికివాడా అని ఆయన చూసేవారు కాదు.

మట్టి పరిచాక చెప్పే మొదటి మాట ఒకటే.

"పడండ్రా."

అందరూ పడాలి. ముందుకి పడాలి, వెనక్కి పడాలి, పక్కకి పడాలి. తల్లులు కంచె దగ్గర నిలబడి ముక్కున వేలేసుకునేవారు. వేరే ఊళ్ళ మాస్టర్లు గెలవడం నేర్పుతుంటే, ఈయన పడటం నేర్పుతున్నాడు!

అప్పుడు ఆ బడిలో అబ్బులు అనే కుర్రాడు ఉండేవాడు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. వాడు లంకలో కేక వేస్తే అవతలి గట్టున గేదెలు తల తిప్పేవట. నేను చూడలేదు, అలా అంటారు. వాడికి కూతకెళ్ళడం ఒక్కటే కావాలి.

"మాస్టారూ, నాకు కూత నేర్పండి."

"ముందు పడరా."

"పడటం కూడా నేర్చుకోవాలేంటండీ? పుట్టిన దగ్గర్నుంచీ పడుతూనే ఉన్నాను."

"నువ్వు తాటిపండులా పడుతున్నావు. పిల్లిలా పడాలి. పడటం వచ్చాకే పట్టడం. పట్టడం వచ్చాకే కూత."

అబ్బులు నెలంతా పడ్డాడు. మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడు కూత నేర్పండి."

"ఇప్పుడు పట్టడం. పడటం వచ్చాకే పట్టడం. పట్టడం వచ్చాకే కూత."

మూడోసారి అడిగేసరికి మాస్టారు కూత నేర్పారు. కానీ అప్పటికే అబ్బులుకి ఒక మాట మనసులో నాటుకుపోయింది. పడటం, పట్టడం పిల్లకాయల పని. మొనగాడి పని కూత.

ఇక చెక్క సంగతి. ఏదో పడవ విరిగితే వరదలో కొట్టుకొచ్చిన చెక్క అది. మాస్టారు దాన్ని ఒకే ఒక్క గుండ్రటి దుంగ మీద అడ్డంగా పెట్టారు. అవుటైనవాడు దాని మీద కూర్చోవాలి. ఒక్కడే కూర్చుంటే అవతలి కొస పైకి లేచేది, వీడు దబ్బున కింద పడేవాడు. అందుకని ఆట మొదలవ్వకముందే మాస్టారు సగం బరువు కాళ్ళ మీదే ఉంచుకుని ఒక కొసన కూర్చునేవారు. మొదట అవుటైనవాడు వచ్చి రెండో కొసన కూర్చునేవాడు.

ఒకరోజు ఊరి మునసబు పేర్రాజు అటుగా వచ్చాడు. బరి ఉన్న నేల ఆయనదే.

"అదేం తిక్క చెక్కయ్యా? అటో రాయి ఇటో రాయి పెడితే కదలకుండా ఉంటుందిగా."

"ఉంటుందండి. అప్పుడు పిల్లాడు ఒక్కడే కూర్చుంటాడండి," అన్నారు మాస్టారు.

మునసబుకి అర్థం కాలేదు. తలగోక్కుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారికి ఇంకో అలవాటు. ఆట అవ్వగానే మూడు మాటలు అడిగేవారు. "అందరూ ఉన్నారా? ఎవరికైనా దెబ్బ తగిలిందా? అన్నం తిన్నారా?" ప్రతి మోకాలూ తడిమి చూసేవారు. అన్నం తినలేదంటే తన క్యారేజీ విప్పేవారు.

ఏడాదికోసారి అవతలి గట్టు మీద హైస్కూలుతో పోటీ జరిగేది. చెక్కనీ దుంగనీ కూడా పడవలో వేసుకుని వెళ్ళేవారు. మొదటి ఏడాది వెళ్ళారు, చిత్తుగా ఓడారు. పడవ తిరిగొస్తుంటే రేవులో మునసబు నిలబడి ఉన్నాడు.

"గెలిచారా?"

"లేదండి," అన్నారు మాస్టారు నవ్వుతూ. "కానీ అందరూ ఉన్నారండి. ఎవరికీ దెబ్బ తగల్లేదండి. అన్నం తిన్నారండి."

రెండో ఏడాది వెళ్ళారు. కొద్దిలో ఓడారు.

"గెలిచారా?"

"లేదండి. కానీ అందరూ ఉన్నారండి. ఎవరికీ దెబ్బ..."

"ఆపవయ్యా! అన్నం తినడానికైతే పెళ్ళికే తీసుకెళ్ళచ్చుగా! గట్టోళ్ళు సంతలో నా మొహం మీదే నవ్వుతున్నారు. ఇదిగో చెబుతున్నా, మూడోసారి కూడా ఓడితే ఆ నేలలో దోసగింజలు వేస్తాను. ఒండ్రు నేల. కాయ బ్రహ్మాండంగా కాస్తుంది."

అప్పుడు మాస్టారి నవ్వు ఆగింది. బరి పోతే ఆట పోతుంది, అది సరే. సాయంత్రం పిల్లలు ఎక్కడికి పోతారు? ఏటి ఒడ్డుకి పోతారు. సుడులున్న చోటికే పోతారు. బరి లేని రోజుల్లో ఆ ఏరు ఎవరి పిల్లల్ని తీసుకుపోయిందో లంకలో అందరికీ తెలుసు. ఆ ఏడాది మాస్టారు సరిగ్గా నిద్రపోలేదంటారు. పిల్లలకి మాత్రం ఆ దిగులు చెప్పలేదు. చెప్పింది పాత మాటే. "పడటం వచ్చాకే పట్టడం. పట్టడం వచ్చాకే కూత."

మూడో ఏడాది వచ్చింది. పడవ కదిలింది. పోటీ మొదలైంది.

గట్టు జట్టులో కొండయ్య అని ఒకడు. పేరుకి తగ్గ మనిషి. అబ్బులు ఎవరి మాటా వినకుండా మొదటి కూతకి తనే ఉరికాడు. కొండయ్య వాణ్ణి నడుం దగ్గర పట్టి, వడ్లబస్తాలా ఎత్తి కింద పెట్టాడు. అవుట్!

గట్టోళ్ళు ఈలలు వేశారు. అబ్బులు మట్టి దులుపుకుని చెక్క వైపు రాలేదు. తిన్నగా ఏటి వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అన్నారు మాస్టారు.

"ఇంటికండి."

"పడవ కట్టేసి ఉంది. ఈదుకుంటూ పోతావా?"

"పోతానండి. నేను చెక్కెక్కనండి. పరువు పోయిందండి."

"నీ పరువు సంగతి తర్వాత. నేను ఈ కొసన కూర్చున్నాను. నువ్వు ఆ కొసన కూర్చోకపోతే ఇంతమందిలో పడేది నేను."

అబ్బులుకి నవ్వొచ్చింది. వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు మొదలైందిరా నీ ఆట," అన్నారు మాస్టారు. "కొండయ్య కాళ్ళు చూడు. మొహం చూడకు. మొహం బుకాయిస్తుంది, కాలికి బుకాయించడం రాదు."

అబ్బులు చూశాడు. ఒకసారి చూశాడు, ఏమీ తెలీలేదు. రెండోసారి చూశాడు, ఏదో తెలిసినట్టుంది. మూడోసారి చూశాడు, తెలిసిపోయింది. కొండయ్య వెనక్కి తిరగబోయే ముందు కుడి మడమ పైకి లేస్తుంది!

ఇంతలో గువ్వలంక జట్టు ఒకణ్ణి పట్టింది. అవతలివాడు ఒకడు అవుటైతే ఇవతల ఒకడు లేవాలి. ముందు కూర్చున్నవాడు ముందు లేవాలి. అది ఆట ధర్మం. అబ్బులు లేచాడు.

కొండయ్య కూతకి వచ్చాడు. అబ్బులు మొహం చూడలేదు. కాళ్ళే చూశాడు. మడమ లేచింది. పట్టాడు! కొండ కూలింది. పడవవాళ్ళు తెడ్లు గాల్లోకి విసిరారు.

అయినా ఆట అంత తేలిగ్గా తెగలేదు. వీళ్ళు లేస్తే వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు లేస్తే వీళ్ళు కూర్చున్నారు. చివరికి గువ్వలంకకి అబ్బులు ఒక్కడే మిగిలాడు. చెక్క నిండిపోయింది. అవతల ముగ్గురున్నారు, మళ్ళీ లేచొచ్చిన కొండయ్యతో కలిపి. పాయింట్లలో మాత్రం రెండు జట్లూ సమానం. ఆఖరి కూత.

అబ్బులు వెళ్ళాడు. ఒకణ్ణి తాకాడు. వెనక్కి తిరిగాడు. ముగ్గురూ వాడి కాళ్ళ మీదికి దూకి బిగించి పట్టారు.

తాటిపండులా పడితే అక్కడే అయిపోయేది. అబ్బులు పిల్లిలా పడ్డాడు. ముందుకి, పొడుగ్గా, గీత వైపు పడ్డాడు. చెయ్యి చాపాడు. గీతకి ఇంకా జానెడు దూరం. కూత సన్నబడుతోంది. కళ్ళు మూసుకుపోతున్నాయి.

అప్పుడు ఎక్కడో ఇంకో కూత వినిపించింది. పిల్లనగ్రోవిలా కీచుగా, ఈలతో కలిసిన కూత. అబ్బులు కళ్ళు తెరిచాడు. చెక్క కొస మీదే మాస్టారు లేచి నిలబడి ఉన్నారు. మెడ నరాలు ఉబ్బాయి. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

కుండలో అన్నం ఉడికేంతసేపు ఆయన ఊపిరి తియ్యలేదని లంకలో చెబుతారు. అంత ఉండదు. కానీ చాలాసేపే అయి ఉంటుంది.

అబ్బులు తర్వాత చెప్పాడట. "మాస్టారి ఊపిరి ఆగకుండా నా ఊపిరి ఆగితే, ఇక నేను లంకలో ఎలా తిరగనండీ?"

జానెడు దూరం బెత్తెడైంది. బెత్తెడు అంగుళమైంది. వేలు గీతకి తగిలింది.

ముగ్గురూ అవుట్!

గట్టోళ్ళు గొడవకి దిగారు. "బయట మనిషి కూత పెట్టాడండీ!" రిఫరీ ముసలాయన మీసం సవరించుకున్నాడు. "పెడితే పెట్టాడు. నేను లెక్కేసింది లోపలున్నవాడి ఊపిరి. బయట ఎవరు ఊపిరి తీసినా, తియ్యకపోయినా నాకనవసరం," అన్నాడు.

మాస్టారు చెక్క మీద కూలబడ్డారు. కొలిమితిత్తిలా రొప్పారు. మాట రాగానే అడిగారు. "అందరూ ఉన్నారా? ఎవరికైనా దెబ్బ తగిలిందా? అన్నం తిన్నారా?"

పడవ లంక చేరేసరికి పొద్దు వాలుతోంది. రేవులో మునసబు మోకాల్లోతు నీళ్ళలోకి దిగి ఉన్నాడు. భుజం మీది కండువా కొసన దోసగింజల మూట. పడవ దగ్గరికి రాకముందే కేకేశాడు.

"అందరూ ఉన్నారా? ఎవరికైనా దెబ్బ తగిలిందా? అన్నం తిన్నారా?"

పడవలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"గెలిచారా అని అడగలేదేంటండీ?" అన్నారు మాస్టారు.

"అడుగుతానయ్యా, అది నాలుగోది," అన్నాడు మునసబు. "పొద్దుట్నుంచీ ఇక్కడే నుంచున్నాను. మా మనవడు కూడా ఆ పడవలోనే ఉన్నాడని నువ్వెళ్ళాక గుర్తొచ్చింది."

గెలిచారని చెప్పగానే ఆయన కండువా గిరగిరా తిప్పుతూ బరి దాకా ఎగురుకుంటూ వెళ్ళాడు. గింజలన్నీ చెదిరి దారంతా, బరి కంచె పొడుగునా పడ్డాయి. ఆ ఏడాది కంచె నిండా దోసపాదులే. బరి బరిలాగే ఉంది. గెలిచినవాడికీ దోసకాయే, ఓడినవాడికీ దోసకాయే.

ఏళ్ళు గడిచాయి. మాస్టారు ముసలివారయ్యారు. ఒక వరదల కాలంలో, పగటి వేళ, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ కన్నుమూశారు.

వరద తీసింది. ఎప్పటిలాగే బరి లేదు. ఈసారి ఎవరు చేయిస్తారని ఊరు అనుకుంటుండగానే గంపలు వచ్చాయి. ఆయన దగ్గర పడటం నేర్చుకున్నవాళ్ళంతా వచ్చారు. చేపలు పట్టేవాడు వచ్చాడు, పొలం దున్నేవాడు వచ్చాడు, కచేరీలో గుమాస్తా వచ్చాడు. గట్టు మీంచి కొండయ్య కూడా వచ్చాడు. అందరికంటే పెద్ద గంప వాడిదే.

అప్పటికి డ్రిల్లు మాస్టారు అబ్బులు. బరి పరిచారు. అందరూ పడ్డారు. చెక్క వేశారు. ఆట మొదలైంది. మొదట అవుటైన కుర్రాడు వచ్చి చెక్క మీద కూర్చున్నాడు. దబ్బున కింద పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. రెండో కొసన ఎవరూ లేరు.

అబ్బులు ఒక గంప నిండా బరి మట్టి ఎత్తాడు. తెచ్చి ఆ కొసన పెట్టాడు. చెక్క తూగింది. కుర్రాడు కూర్చున్నాడు.

కాసేపటికి వాడి జట్టుకి పాయింటు వచ్చింది. కుర్రాడు లేవబోయాడు.

"ఆగరా," అన్నాడు అబ్బులు. "నీకంటే ముందు కూర్చున్నవాళ్ళున్నారు."

గంప ఎత్తాడు. బరిలో కుమ్మరించాడు. "మాస్టారు లేచారు!" అని కేక వేశాడు. అవతలి గట్టున గేదెలు తల తిప్పి ఉంటాయి.

గంప లేవగానే చెక్క తిరగబడింది. కుర్రాడు దొర్లి మట్టిలో పడ్డాడు. పిల్లిలా పడ్డాడు. ఈసారి అందరూ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఇప్పటికీ గువ్వలంకలో అంతే. చెక్క మీద మొదటి చోటు మట్టి గంపది. మొదటి పాయింటుకి లేచేది మాస్టారు. దాంతో లంక జట్టుకి ఒక ఆటగాడు తక్కువవుతాడు. వేరే ఊరివాళ్ళు అడుగుతారు, "ఊరికే ఒకణ్ణి పోగొట్టుకుంటారేంటండీ?" అని.

"పోతే పోతాడండి. మళ్ళీ లేపుకుంటాం," అంటారు లంకవాళ్ళు.

అందుకే ఆ లంకలో నడక నేర్చే పిల్ల తప్పటడుగు వేసి పడితే తల్లి పరుగెత్తదు. ముందు మోకాలు చూస్తుంది. తర్వాత బుగ్గ గిల్లి అంటుంది.

"పడ్డావా తల్లీ? ఇంకేం, పట్టడం కూడా వచ్చేస్తుంది."