పీత ఎక్కిన మచ్చల రాయి

విశాఖ తీరానికి కాస్త దూరంలో, సముద్రం అడుగున ఓ పెద్ద బండ. ఆ బండకి అతుక్కుని చారల చేప గుడ్లు. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతే కాపలా తండ్రిదే, వాళ్లింటి పద్ధతి అది. తండ్రి చేప పొద్దున్నే గుడ్లకి రెక్కలతో విసిరేది, చెడినదాన్ని నోటితో తీసి పారేసేది, ఆ తర్వాత చుట్టూ ఉన్న రాళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా పలకరించి వచ్చేది.

"రాళ్లెక్కడికీ పోవులే బావా!" అని పక్క సందులోని పీత రోజూ నవ్వేది.

ఆ రోజు బుడగలు వదులుకుంటూ ఓ మనిషి పైనుంచి దిగాడు. వీపున గాలి సిలిండర్, చేతిలో కెమెరా.

"బావా, ఫోటోలాయన వచ్చాడు! ఈ నీడలో నీ చారలేం కనపడతాయి? ఆ ఇసక మీదకెళ్లి నిలబడు. గుడ్లని నేను చూస్తాలే," అంది పీత.

"చూస్తావా, తింటావా?"

"ఛఛ! మేనమామని!"

"సాయంత్రానికి పిల్లలైపోతారు. ఇన్నాళ్లు కాసి ఆఖరి పూట వదిలేయనా?"

"ఒక్క నిమిషం బావా. ఎంత చాదస్తం నీకు!"

చేపకీ ఆశ లేకపోలేదు. రెండు మూరలు ముందుకి ఈది, ఒళ్లు సర్దుకుంది కూడా. అంతలో ఎందుకో వెనక్కి తిరిగింది. మేనమామ అప్పుడే గుడ్ల దాకా పాకేశాడు! చేప ఒక్క ఊపున వచ్చి అడ్డం నిలిచింది.

"ఏంటి మేనమామా, ఇంత దగ్గరికొచ్చావు?"

"చెడినవేమైనా ఉంటే ఏరి పెడదామని..."

చేప కోప్పడలేదు. "పిల్లలు పడని ఫోటో నాకెందుకులే. అయినా ఆయన చూపంతా నీ డెక్కల మీదే ఉంది."

"నా డెక్కల మీదా?"

"మరి! ఆ మచ్చల రాయెక్కి రెండూ పైకెత్తు. వెలుగంతా అక్కడే ఉంది."

గుడ్ల సంగతి ఫోటో అయ్యాక చూద్దాం అనుకుంది పీత. రాయెక్కి డెక్కలెత్తింది.

"ఇలాగేనా బావా?"

"ఇంకాస్త పైకి!"

ఫ్లాష్ మెరిసింది. రాయి కన్ను తెరిచింది. ఎనిమిది చేతులూ విప్పి పీతని పట్టుకుంది. అది రాయి కాదు, ఆక్టోపస్. దొరికిన డెక్కని దానికే వదిలేసి, పీత పడుతూ లేస్తూ సందులో దూరింది.

"బావా! అది రాయి కాదని నీకు తెలుసా?"

"నిన్నటిదాకా అక్కడ రాయే లేదని తెలుసు. రోజూ పలకరిస్తాను కదా!"

సాయంత్రం గుడ్లు చిట్లాయి. ఆవగింజంత పిల్లలు గుంపుగా నీటివాలున తేలిపోయాయి. ఆఖరిది కనుమరుగయ్యేదాకా చేప కదల్లేదు.

సందులోంచి పీత మెల్లగా అడిగింది. "ఫోటోలో బాగా పడ్డానంటావా బావా?"

"పడే ఉంటావు. కొత్తది మొలిచేదాకా, రెండు డెక్కలతో నీకదే ఆఖరి ఫోటో."

కన్నవాళ్ల చాదస్తానికి నవ్వేముందు, మనం నిలబడ్డ రాయి ఏపాటిదో చూసుకోవాలి.