జూలమ్మ మారేడు పానకం

మొర్రిబండ అడవి పెద్దదేమీ కాదు. రెండు గుట్టలు, వాటి నడుమ ఒక వాగు, వాగుకు అటూ ఇటూ చెట్లు, అంతే. ఆ అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, జింకలు, కుందేళ్లు, నెమళ్లు, కొండముచ్చులు ఉండేవి. వానాకాలంలో ఎవరి బతుకు వారిది. ఎండలు ముదిరాయంటే మాత్రం అందరూ వాగు దగ్గరికే చేరేవారు.

ఏటా వైశాఖ పున్నమి నాడు అక్కడ చలువ పండుగ జరిగేది. పొద్దు వాలుతుండగా అందరూ వాగు ఒడ్డున కూర్చుని, ఎండాకాలం ఇచ్చిన తిండిని పంచుకుని తినేవారు. కొండముచ్చులు తాటిముంజలు దించేవి. నెమళ్లు పాలపండ్లు ఏరుకొచ్చేవి. కుందేళ్లు తునికిపండ్లను దొర్లించుకుంటూ తెచ్చేవి. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు తెచ్చేవారు.

తాగడానికి మారేడు పానకం ఉండేది. దాన్ని చేసేది జూలమ్మ అనే ముసలి ఎలుగుబంటి. పండిన మారేడుకాయలను రాతికేసి పగలగొట్టి, గుజ్జు తీసి, తొట్టిలాంటి రాతి గుంటలో వేసేది. నీళ్లు పోసి, తేనె కలిపి, చేతులు నొప్పి పుట్టేదాకా పిసికేది. ఆపైన మోదుగాకు దొప్పల్లో పోసి అందరికీ ఇచ్చేది. ఒక్క దొప్పెడు తాగితే ఒళ్లంతా చల్లబడేది.

పద్నాలుగేళ్లుగా ఆ పని జూలమ్మదే. "నీకు ఓపిక ఉందా?" అని ఎవరూ అడగలేదు. ఓపిక లేదని జూలమ్మ కూడా చెప్పలేదు.

ఆ ఏడాది ఎండలు ముందే వచ్చాయి. ఫాల్గుణంలోనే వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్వుకున్న ఒక్క చెలమ మిగిలింది. తవ్వన్న అనే అడవిపంది రోజూ పొద్దున్నే ఆ చెలమను ఇంకాస్త లోతు చేసేవాడు. రోజు రోజుకూ నీళ్లు కిందికి దిగుతూనే ఉన్నాయి. అందరి నడకలూ మందగించాయి. మాట్లాడటం కూడా తగ్గించుకున్నారు.

పండుగకు పది రోజుల ముందు అందరూ చెలమ దగ్గర కలిశారు. కొండముచ్చుల నాయకుడు కొమ్మలయ్య చెట్టు మీంచి తోక వేలాడేసుకుని ఇలా అన్నాడు.

"ఈ ఏడాది పండుగ నాకు వదిలేయండి. ఎన్నేళ్లని ఆ మారేడు పానకం తాగుతాం? అవతలి అడవి కొండముచ్చులను పండుగకు పిలిచాను. వాళ్లు మన విందు చూసి నోరు వెళ్లబెట్టాలి."

"తాగడానికి ఏం పోస్తావు?" అని అడిగాడు తవ్వన్న.

"ఇప్పపూల పానకం. ఎండబెట్టిన పూలు మా దగ్గర కుప్పగా ఉన్నాయి. రెండు రాతి తొట్లు నిండుగా చేయిస్తాను."

"రెండు తొట్లకు సరిపడా నీళ్లు పోస్తే చెలమ ఖాళీ అవుతుంది, కొమ్మలయ్యా. రోహిణి కార్తె ఇంకా రానే లేదు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు."

"వచ్చినప్పుడు చూద్దాంలే. పండుగ పూట పీనాసి మాటలు మాట్లాడకు" అన్నాడు కొమ్మలయ్య.

అందరూ జూలమ్మ వైపు చూశారు. ఆ మాటలో మంచి లేదని జూలమ్మకు తెలుసు. కానీ రాయి, గుజ్జు, పిసకడం, పంచడం తలుచుకుంటేనే భుజాలు లాగేశాయి.

"మంచిదే నాయనా. ఈ ఏడాది నేను పడుకుంటాను" అంది.

వెళ్తుంటే తవ్వన్న వెనకాలే వచ్చాడు.

"నువ్వైనా వద్దనకపోతివి పెద్దమ్మా."

"వద్దంటే మళ్లీ నేనే చేయాలి కదా తవ్వన్నా. నా వల్ల కావడం లేదు" అంది జూలమ్మ. తవ్వన్న చెలమ తవ్వడానికి తిరిగి వెళ్లాడు.

మర్నాటి నుంచే కొండముచ్చులు పనిలో దిగాయి. మామిడిచెట్లను దులిపేశాయి. పండినవీ పచ్చివీ అన్నీ రాలాయి. అందిన తాటిగెలలన్నీ దించేశాయి. లేత గెలలను కూడా ఉంచలేదు. తునికి, మొర్రి, పాల, ఏ చెట్టునూ వదల్లేదు. తేనెపట్లు రెండుంటే రెండూ కోసుకొచ్చాయి.

ఒక పిల్ల కొండముచ్చు మారేడుచెట్టు ఎక్కబోతే కొమ్మలయ్య వారించాడు.

"ఆ బండకాయలు మనకెందుకు? గొప్ప విందులో వాటిని ఎవరు ముట్టుకుంటారు?"

పండుగ రానే వచ్చింది. నిజం చెప్పాలంటే అలాంటి విందు ఆ అడవి ఎన్నడూ చూడలేదు. ఒకవైపు మామిడిపండ్ల గుట్ట. ఇంకోవైపు మునివేళ్లతో నొక్కితే తీయటి నీరు చిమ్మే ముంజలు. ఆకుల మీద తేనె కారుతున్న పట్లు. రాతి తొట్లలో నురగ కట్టిన ఇప్పపూల పానకం. ఆ వాసన గుట్ట మీది దాకా వెళ్లింది.

అవతలి అడవి కొండముచ్చులు నిజంగానే నోరు వెళ్లబెట్టాయి. కొమ్మలయ్య తోక నిటారుగా నిలబెట్టి వాళ్ల మధ్య తిరిగాడు. అతిథులు ఒక ముంజను పొడిచి, సగం తిని పారేసి, ఇంకోటి అందుకున్నారు. కొరికి వదిలేసిన మామిడిపండ్ల మీద చీమలు బారులు కట్టాయి.

జూలమ్మ కూడా వచ్చింది. రెండు ముంజలు తిని "బాగున్నాయి నాయనా" అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. ఇప్పపూల పానకం మాత్రం వాసన చూసి పక్కన పెట్టింది. మూడు రోజులు ఎండలో నానడంతో అది పులిసిపోయింది.

కానీ దాహంతో ఉన్నవాళ్లు ఆగలేదు. కుందేళ్లు తాగాయి. చుక్కి అనే జింక, పాలు తాగే పిల్ల ఉన్నా, దాహానికి ఓర్వలేక కడుపు నిండా తాగింది.

తెల్లారేసరికి అందరికీ తలలు బరువెక్కాయి. నాలుకలు పిడచకట్టుకుపోయాయి. అతిథులు ఎప్పుడో వెళ్లిపోయారు. నీళ్ల కోసం చెలమకు వెళ్తే అడుగున బురద కనిపించింది. తవ్వన్న తవ్వాడు. మూరెడు తవ్వగానే బండ తగిలింది. తవ్వన్న ఆ బండ మీదే చతికిలబడ్డాడు.

ఆ బురదే నాకుతూ నాలుగు రోజులు గడిపేసరికి రోహిణి వచ్చింది. గాలి నిప్పులా వీచింది. నీళ్లు లేనప్పుడు పండ్లయినా నోరు తడిపేవి. చెట్ల మీద ఇప్పుడు కొరికి తినే పండు ఏదీ లేదు.

కొండముచ్చులు కొమ్మలయ్యను చుట్టుముట్టాయి. "ఏం తినాలో చెప్పు నాయకుడా" అని అడిగాయి.

కొమ్మలయ్య తలెత్తి చూశాడు. ఎత్తయిన తాడిచెట్టు కొసన ఒక్క గెల మిగిలి ఉంది. రెండు రోజులుగా ఏమీ తినని ఒంటితోనే ఎక్కాడు. గెలను అందుకోబోయి ఎండిన మట్టను పట్టుకున్నాడు. మట్ట ఊడి వచ్చింది. కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

కొండముచ్చులు ఒక పూట చూశాయి. మరో నాయకుణ్ణి ఎన్నుకుని, నీళ్లు వెతుక్కుంటూ గుట్ట దాటి వెళ్లిపోయాయి. కొమ్మలయ్య చెట్టు కిందే పడి ఉన్నాడు. వాళ్లు వెళ్తున్న చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

ఆ పొద్దునే చుక్కి జూలమ్మ గుహ ముందుకు వచ్చింది. 

"పెద్దమ్మా, పిల్ల లేవడం లేదు. నా దగ్గర పాలు లేవు" అంది.

 జూలమ్మ నేల మీద చేయి ఆనించి లేచింది. మోకాళ్లు కటకటలాడాయి. నేరుగా తవ్వన్న దగ్గరికి నడిచింది.

"లే నాయనా. వాగు మలుపులో నేరేడుచెట్టు ఉంది చూడు, దాని వేళ్ల పక్కన తవ్వుదాం. నా చిన్నప్పుడు ఒక కరువు ఏడు మా అమ్మ అక్కడ తవ్వింది."

"అక్కడా బండే తగిలితే?"

"తగిలితే అప్పుడు కూర్చుందాం" అంది జూలమ్మ.

ఇద్దరూ తవ్వారు. పది గుప్పిళ్లు తవ్వడం, చెట్టు నీడలో వాలడం, మళ్లీ లేవడం. మధ్యాహ్నం దాకా పొడి ఇసుకే వచ్చింది. పొద్దు వాలేసరికి ఇసుక రంగు మారింది. జూలమ్మ ఒక గుప్పెడు తీసి ముక్కుకు ఆనించుకుంది. తడి వాసన వచ్చింది. ఇంకాస్త తవ్వితే అడుగున నీరు ఊరింది. కానీ పెద్ద ఊట కాదు. ఒక దొప్ప నిండడానికే చాలాసేపు పట్టింది.

"ఇంత నీటిని ఎంతమందికని పోస్తాం?" అన్నాడు తవ్వన్న.

జూలమ్మ మారేడుచెట్టు వైపు చూసింది. అడవి మొత్తంలో చేతికందే కాయలు ఆ ఒక్క చెట్టుకే ఉన్నాయి. పండి, పసుపుపచ్చబడి, కొమ్మలను వంచుతున్నాయి.

"ఒట్టి నీళ్లయితే తాగిన గడియకే మళ్లీ దాహం వేస్తుంది. గుజ్జు కలిపితే కడుపులో నిలబడుతుంది" అంది.

నెమళ్లు రాలిన కాయలను చూపించాయి. తవ్వన్న తొక్కి పగలగొట్టాడు. తేనె లేదు. జూలమ్మ గుజ్జును నీళ్లలో పిసికి పలచగా చేసింది. మొదటి దొప్ప చుక్కి పిల్లకు పోసింది. రెండోది చుక్కికి ఇచ్చింది. ఆపైన కుందేళ్లకు, నెమళ్లకు. తలకు ఒక్కో దొప్ప. బలవంతుడని ఒకరికి ఎక్కువ లేదు, చిన్నదని ఒకరికి తక్కువ లేదు.

అందరిదీ అయ్యాక జూలమ్మ ఒక దొప్ప పట్టుకుని తాడిచెట్టు కిందికి వెళ్లింది. కొమ్మలయ్య ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకెందుకు పెద్దమ్మా? అందరి నీళ్లూ ఒలకబోసింది నేనే కదా."

"ఒలకబోసింది నువ్వే. చూస్తూ ఊరుకుంది నేను. తాగు."

కొమ్మలయ్య తాగాడు. తీపి లేని ఆ పానకాన్ని చుక్క వదలకుండా తాగి, దొప్పను నాలుకతో తుడిచాడు.

పదమూడు రోజులు అలాగే గడిచాయి. రోజుకు తలా ఒక దొప్ప. పొద్దున తవ్వడం, మధ్యాహ్నం నీడలో పడి ఉండటం, సాయంత్రం పంచడం. రెండు ముసలి కుందేళ్లు వాన చూడకుండానే కన్నుమూశాయి. మిగిలినవాళ్లు నిలిచారు. చుక్కి పిల్ల నాలుగో రోజున తన కాళ్ల మీద తాను నిలబడింది.

మృగశిర మొదటి జల్లు పడినప్పుడు ఎవరూ గంతులేయలేదు. అందరూ నోళ్లు తెరిచి నిలబడ్డారు. జూలమ్మ తడుస్తూనే నిద్రపోయింది.

కొమ్మలయ్య తుంటి వంకరగా అతుక్కుంది. మళ్లీ చెట్టు ఎక్కలేకపోయాడు. అతని మంద తిరిగి రాలేదు. కింద రాలినవి ఏరుకుని తింటూ, కుందేళ్ల మధ్య బతికాడు. కొమ్మ మీద కూర్చుని మాట్లాడే అలవాటు పోయింది. ఎవరైనా ఏదైనా అడిగితే తలవంచి జవాబు చెప్పేవాడు.

మళ్లీ వైశాఖం వచ్చింది. పున్నమి నాడు జూలమ్మకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. బయట ఎండ వాలిపోయింది. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ముగించాలి అనుకుంటూ కంగారుగా వాగు దగ్గరికి నడిచింది.

అక్కడ కొమ్మలయ్య రాతి ముందు కూర్చుని కాయలు పగలగొడుతున్నాడు. చుక్కి పిల్ల నీళ్లు మోస్తోంది. తవ్వన్న మోచేతుల దాకా గుజ్జు పూసుకుని పిసుకుతున్నాడు. ఎవరు ఎంత చేయాలో ముందురోజే అనుకున్నారట. జూలమ్మ పేరు అందులో లేదు.

"నన్ను లేపలేదేం?" అంది జూలమ్మ.

"లేపొద్దని అందరం అనుకున్నాం. కూర్చో పెద్దమ్మా" అన్నాడు తవ్వన్న.

జూలమ్మ నేరేడు నీడలో కూర్చుంది. మొదటి దొప్ప ఆమెకే తెచ్చారు. గింజలు సరిగ్గా తీయలేదు. పీచు పళ్లకు తగిలింది. కొమ్మలయ్య ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

జూలమ్మ మెల్లగా తాగింది. దొప్ప ఖాళీ చేసి ముందుకు చాపింది.

"ఇంకొంచెం పోయండి" అంది.

నీతి: పదిమందిని పది రోజులు కాపాడవలసినదాన్ని గొప్ప కోసం ఒక్క పూటలో ఊడ్చేసేవాడు తానూ ఎండుతాడు, తనవారినీ ఎండబెడతాడు. ఉన్న కొంచాన్ని సమంగా పంచేవారికి కష్టకాలమూ దారి ఇస్తుంది, అలిసిన నాడు పదిమంది చేతులూ తోడొస్తాయి.