ఎదురు వరస ఇళ్లు

ఇదిగో విను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన మూడు పళ్లూ ఈ పూటే రాలిపోవాలి. ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు ట్రేసింగులు గీసినదాన్ని. కళ్లారా చూశాను.

మా ఖాజా మాస్టారి దగ్గర లిఖిత అనే అమ్మాయి పని నేర్చుకునేది. వేళ్లు కావవి, మెరుపులు. తుపానులో కొట్టుకుపోయిన ఒక జాలరిపేటకి కొత్తగా నలభై ఇళ్లు గీయాలి. ఈ పిల్ల గీసింది ఒక్కటే.

కంప్యూటర్‌లో కాపీ అంటే ఉన్నదున్నట్టు ఇంకోటి. అర్రే అంటే ఒకేసారి వరసంతా. మిర్రర్ అంటే అద్దంలో బొమ్మలా తిరగేసి. లిఖిత ఆ ఒక్క ఇంటికీ అర్రే కొట్టి ఇరవై చేసింది. ఆ ఇరవైనీ రోడ్డుకి అవతలి పక్క ఎదురుగా మిర్రర్ కొట్టింది. నేను తమలపాకుకి సున్నం రాసేలోపు ఊరు లేచింది.

"మీ కాలంలో దీనికి నెల పట్టేదటగా మామ్మగారూ?" అంది.

"నెలా? రెండు పుష్కరాలు" అన్నాను.

మర్నాడు పునాదులకి ముగ్గు పోస్తారనగా, పొద్దున్నే పైడమ్మ వచ్చింది. ఎదురు వరసలో ఏడో ఇల్లు ఆమెది.

"సమద్రం ఎటేపు పాపా?"

లిఖిత తెర మీద కుడిపక్క చూపించింది.

"నా పొయ్యి?"

"ఇదిగో, ఇంటి వెనక. కిటికీ కూడా పెట్టాను."

"అంటే సమద్రం ఏపే! గాలి తిన్నగా వంటింట్లోకొచ్చి పొగంతా ఇంట్లోకి కొట్టదా? నా మనవరాలికి ఉబ్బసం. నాల్రోజులు బతకదు. మార్సియ్యి!"

లిఖితకి ఒళ్లు మండింది. "అటు వరసవాళ్లకి లేని బాధ నీకెందుకు? అచ్చు అదే ఇల్లు. తిరగేశానంతే."

"తిరగేసినావా? నీకు సదువు సెప్పినోడెవుడు?"

ఆ అరుపుకి రేవులో మూడు ఓడలు లంగర్లు తెంచుకున్నాయి.

సదువు సెప్పినోడు లేచాడు. మాస్టారికి కోపమొస్తే మాట రాదు, చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఆ వెలుగులో సూదికి దారం ఎక్కించవచ్చు.

"లే" అన్నారు.

లిఖిత లేచింది. ఆయన వైర్లు పీకి, బల్లని బర్రున ఈడ్చి, అవతలి గోడకి వేశారు. కంప్యూటర్ పెట్టారు. కుర్చీ వేశారు. అంతా అద్దంలో బొమ్మలా.

"కూర్చో. పైడమ్మ ఇల్లు సరిచెయ్యి."

కూర్చుంది. తూర్పు కిటికీలోంచి ఎండ తిన్నగా తెర మీద పడింది. ఒక్క గీత కనబడదు. అరచెయ్యి అడ్డం పెట్టింది. చున్నీ కప్పింది. కుర్చీ జరిపింది.

"ఇక్కడెలా పనిచెయ్యను మాస్టారూ? ఏమీ కనబడి చావటం లేదు!"

"అదే బల్ల. అదే కుర్చీ."

"బల్ల అదే. కానీ ఎండ..."

తల తిప్పి కిటికీ వైపు చూసింది.

మాస్టారి చెవులింకా ఎర్రగానే ఉన్నాయి. "మిర్రర్ కొట్టేటప్పుడు సముద్రాన్ని కూడా సెలెక్ట్ చేశావా?"

లిఖిత ఆ ఎండలోనే, కళ్లు చికిలించి, ఎదురు వరస ఇరవై ఇళ్లూ చెరిపేసింది. నోటుబుక్కు, పెన్సిలు తీసుకుంది.

"పైడమ్మగారూ, మీ పాతింట్లో పొయ్యి ఎక్కడుండేదో చూపిస్తారా?"

"నడు మరి" అని కస్సుమంటూనే పైడమ్మ ముందు నడిచింది.

ఏమిటలా నోరెళ్లబెట్టావు? లే. మన వీధి చివర సూరమ్మ ఇల్లు కట్టిస్తోంది. వంటిల్లు ఎటు పెట్టిస్తోందో కనుక్కునిరా. మేస్త్రీని కాదు, సూరమ్మని అడుగు.