సన్నబాకు జోళ్లు

ఒకప్పుడు కొంగ కాళ్లు బెత్తెడే ఉండేవి. ముక్కు పిచ్చుక ముక్కంత. అయినా దానికి ఏ లోటూ ఉండేది కాదు. కొల్లేటి ఒడ్డున మడమ లోతు నీళ్లలో తిరుగుతూ చిట్టి చేపలు ఏరుకుని తినేది.

ఒక ఏడు వానలు దంచికొట్టాయి. కొల్లేరు నిండింది. చేపలన్నీ లోతుకు పోయాయి. ధవళమ్మ అనే కొంగకు గూట్లో మూడు పిల్లలున్నాయి. రెండు రోజులుగా వాటి నోట్లో ఏమీ పడలేదు. పోనీ ఈదుదామంటే ధవళమ్మకు ఈత రాదు. బాతును అడిగితే, ఈత ఒకరు నేర్పితే వచ్చేది కాదని చెప్పి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

ఎత్తు మడమల జోళ్లుంటే గట్టెక్కుతాననుకుని ధవళమ్మ కమ్మరి మోనయ్య దగ్గరకు వెళ్లింది.

మోనయ్యకు వచ్చింది ఒకటే పని. రాజుగారి సైనికులకు సన్నబాకులు చేస్తాడు. సన్నబాకంటే చిటికెనవేలంత వెడల్పు కూడా లేని, మొన తేలిన కత్తి. పక్కింటావిడ అట్లకాడ చేసిపెట్టమంటే సన్నబాకే ఇచ్చాడు. ఆవిడ ఇప్పటికీ దాంతోనే అట్లు తిప్పుతోంది.

జోళ్లన్నా అదే చేశాడు. రెండు బాకులు పొడుగ్గా సాగగొట్టి, మొనలు కిందికి పెట్టి, ధవళమ్మ కాళ్లకు బిగించాడు. వాటినీ సన్నబాకులనే పిలిచాడు. కొత్త పేరు ఆలోచించే ఓపిక లేదట. ఇంకా కాస్త ఇనుము మిగిలింది. కొలిమిలో కాలిన ఇనుము పారేయడం తమ ఇంటావంటా లేదని, దాన్నీ బాకు చేసి ముక్కుకు తొడిగాడు.

ధవళమ్మ తూలుకుంటూ కొల్లేట్లో దిగింది. రెండడుగులు వేసిందో లేదో, నీళ్లు కదలడం మానేశాయి.

"ఎవరమ్మా అది, జోళ్లతో ఇంట్లోకి వస్తున్నది?" అంది నీళ్ల అడుగునుంచి కొల్లేటి తల్లి కొల్లేటమ్మ.

ధవళమ్మకు చచ్చేంత సిగ్గేసింది. బుద్ధెరిగాక ఎవరి గడపా అలా దాటలేదు. ఆకలి హడావిడిలో ఆ సంగతే మరిచిపోయింది.

"తప్పే తల్లీ. కానీ విప్పితే మునిగిపోతాను. ఒడ్డెక్కితే నా పిల్లలు చచ్చిపోతారు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు."

కొల్లేటమ్మా ఒక తల్లే. ఆవిడ పిల్లలు చేపలు. అందుకని ఊరికే ఒప్పుకోలేకపోయింది.

"ఒక కాలి జోడు పైకెత్తి పెట్టుకో. సగం మర్యాదైనా దక్కుతుంది. నా పిల్లల వెంట మాత్రం పరుగెత్తకు. వాళ్లంతట వాళ్లే నీ దగ్గరికొస్తే, అది వాళ్ల రాత."

ధవళమ్మ ఒక కాలు ముడిచి పొట్ట కింద పెట్టుకుంది. ఇక కదల్లేదు. కాలు తిమ్మిరెక్కింది. మెడ నొప్పెట్టింది. పొద్దు వాలే వేళకు ఒక పరిగె చేపపిల్ల వచ్చి, ఇక్కడెవరు కర్ర పాతారబ్బా అని జోడు చుట్టూ తిరగసాగింది. ముక్కు మీది సన్నబాకు ఒక్కసారి కిందికి దిగింది.

చీకటి పడకముందే మూడు పిల్లలూ తలా ఒక ముక్క తిన్నాయి. ధవళమ్మ వాటిని చూస్తూ కాసేపు ఏడ్చింది. కొల్లేట్లో కూడా ఒకచోట నీళ్లు కాస్త ఉప్పగా మారాయంటారు.

అప్పటినుంచే కొంగకు కాళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ముక్కు బాకులా ఉంటుంది. నీళ్లలో ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది. చూసినవాళ్లు కొంగజపమని నవ్వుతారు. కొంగ బదులు చెప్పదు. నోట్లో పిల్లలకు తీసుకెళ్లే చేప ఉంటుంది.